కుదుపు లేని విద్యుత్తు
దార్సన్వాల్ మహాశయుని జీవితము

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో గాల్వనామీటరును చూడని విద్యార్థి యుండడు. పై తరగతుల పుస్తకములలో దానిలో ఒక రకమునకు డి ఆర్సన్వాల్ గాల్వనామీటరు అని పేరు కనబడును. ఆ పేరు గల మనుష్యుడు ఏ వృత్తివాడని అడిగినచో పెక్కుమంది ఇంజనీరనియే చెప్పుదురు. ఆయన వైద్యుడు. ప్రాణుల కండరములలో పుట్టెడి అతి స్వల్పమైన విద్యుత్తును కొలువవలసిన అవసరము కలిగి ఆ పరికరమును చక్కదిద్దుకొనిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు.

ఆయన చేసిన మరియొక పని బడి పుస్తకములకు ఎక్కలేదు. నేడు వైద్యులు కడుపు కోయకుండ, నోటి గుండ సన్నని గొట్టమును పంపి, జీర్ణాశయపు లోపలి పొర మీద అప్పుడే తలయెత్తుచున్న రాచపుండును ఒలిచి తీయుచున్నారు. ఆ గొట్టపు కొననుండు కత్తికి పదును ఇనుముది కాదు, విద్యుత్తుది. అంత విద్యుత్తు దేహములో ప్రవహించుచుండగా రోగి గుండె ఆగిపోదేమి? ఈ ప్రశ్నకు సమాధానమును 1890 ప్రాంతమున కనుగొనినవాడు ఈ దార్సన్వాలే. అందుచేత ఆయన చరిత్రను ఈ సంచికలో చెప్పదలచితిమి.

జాక్ ఆర్సెన్ దార్సన్వాల్ 1851వ సంవత్సరము జూన్ 8వ తేదీన ఫ్రాన్సు దేశపు నడిమి భాగమగు లిమూజేన్ సీమలో, లా బోరీ అను చోట జన్మించెను. ఆ సీమ పల్లెలలో ఆనాడు జనుల ఇంటిభాష ఫ్రెంచి కాదు. ఆక్సిటాన్ అను వేరొక భాష యొక్క మాండలికము. బడిలో మాత్రము చదువంతయు ఫ్రెంచిలోనే. ఇంట ఒక మాట, వీధిలో ఒక మాటగా పెరిగెడి పిల్లల సంగతి మన పాఠకులకు మేము విడమరచి చెప్పనక్కరలేదు. అయితే అచ్చటి పిల్లల ఇంటిభాషకు బడిలో చోటే లేకపోయెను. మన పిల్లలకు ఆ లోటు లేనందుకు సంతసింపవలెను.

లిమోజ్ పట్టణమునను, పిమ్మట పారిస్ నగరమునను ఆయన వైద్యవిద్య నభ్యసించెను. 1873లో క్లోద్ బెర్నార్ అను మహాశాస్త్రవేత్త కడ సహాయకుడుగా చేరుట ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. బెర్నార్ శరీరధర్మ శాస్త్రమునకు కొత్త దారి చూపినవాడు. జీవము గూర్చి ఊహలల్లుట కాదు, ప్రయోగము చేసి కొలిచి చూడవలెననుట ఆయన మార్గము. చేతిపనియందు నేర్పు గల యువకుడు అట్టి గురువునకు దొరకెను. కొలతలకు తగిన పరికరము బజారులో దొరకనిచో స్వయముగా చేసికొనుట దార్సన్వాల్ స్వభావము. 1878 ఫిబ్రవరిలో గురువు మరణించువరకు ఆయన ఆ కొలువులోనే యుండెను. అటుపిమ్మట కొలేజ్ ద ఫ్రాన్స్ అను విద్యాపీఠములో బెర్నార్ స్థానమునకు వచ్చిన బ్రౌన్ సెకార్ కడ పని చేసి, 1894లో ఆయన మరణానంతరము ఆ ఆచార్యపీఠమును తానే అధిష్ఠించెను. అదే సంవత్సరము ఫ్రెంచి శాస్త్ర పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

గాల్వనామీటరు కథ 1882 నాటిది. అంతకు పూర్వపు పరికరములలో తీగచుట్ట కదలదు. దాని నడుమ వ్రేలాడెడి చిన్న అయస్కాంతము కదలును. భూమి యొక్క అయస్కాంత శక్తికిని, ప్రక్కగా పోవు ఇనుప వస్తువునకును ఆ సూది లోబడుచుండుటచే కొలత తరచుగా తప్పుచుండెను. మార్సెల్ దెప్రే అను ఇంజనీరుతో కలిసి దార్సన్వాల్ ఈ ఏర్పాటును తారుమారు చేసెను. బలమైన అయస్కాంతమును కదలకుండ నిలిపి, దాని కొమ్ముల నడుమ తేలికయైన తీగచుట్టను వ్రేలాడదీసెను. విద్యుత్తు పారినంతనే చుట్ట తిరుగును. దానికి అంటించిన చిన్న అద్దము నుండి వెలుగు రేఖ కొలతబద్ద మీదికి జరుగును. మన బడిలో ముల్లు తిరిగెడి మీటర్లు ఈ వంశములోనివే.

ఆయన చేపట్టిన పనులన్నిటిని వర్ణించుటకు ఈ పుటలు చాలవు. సూక్ష్మజీవులను పెంచుటకు ఒకే వేడిమిలో నిలిచెడి పెట్టెను నిర్మించెను. సముద్రపు పైనీటి వెచ్చదనమునకును అడుగునీటి చల్లదనమునకును గల భేదముతో యంత్రమును నడుపవచ్చునని 1881లో సూచించెను. ఆయన మిత్రుడగు జార్జ్ క్లోద్ 1930లో క్యూబా తీరమున దానిని చేసి చూపెను. విద్యుద్ఘాతము తగిలి పడిపోయినవానిని చచ్చినవానిగా భావింపక, నీట మునిగినవానికి చేసినట్లే కృత్రిమముగా ఊపిరి నిలుపవలెనని చాటినవారిలో ఆయన ప్రథముడు. తల్లిదండ్రులు ఈ యొక్క మాటనైన గుర్తుంచుకొనవలెనని మా మనవి. ముందుగా మెయిన్ స్విచ్చి నార్పుట మరువరాదు.

ఇక ప్రధాన విషయమునకు వత్తము.

మన ఇండ్లలోని విద్యుత్తు సెకండునకు 50 పర్యాయములు ముందుకును వెనుకకును ఊగును. ఒక ఆంపియరులో పదియవ వంతైనను గుండె గుండ పోయినచో ప్రాణము పోవచ్చును. కారణమేమనగా, విద్యుత్తు తగిలినప్పుడెల్ల నరము మేల్కొని కండరమును ముడుచుకొనుమని ఆజ్ఞాపించును. గుండెయు కండరమే గనుక దాని తాళము తప్పును. దార్సన్వాల్ ఈ ఊగుట యొక్క వేగమును క్రమముగా హెచ్చించుచు కండరము ఏమి చేయునో పరిశీలించెను. మొదట వేరువేరుగానున్న కుదుపులు వేగము పెరిగినకొలది ఒకదానిలో నొకటి కలిసి కండరము బిగుసుకొనిపోవును. వేగము సెకండునకు కొన్ని వేలకు చేరువరకు ఆ బాధ తీవ్రమగుచునే యుండెను. అచ్చట ఆగియుండినచో, వేగము పెరిగినకొలది అపాయము పెరుగునని ఎవరైనను తేల్చివేసియుందురు. ఆయన ఆగలేదు. ఇంకను వేగముగా ఊగించిన పిమ్మట కుదుపు తగ్గజొచ్చెను. సెకండునకు 10,000 పర్యాయములు దాటగా కండరము ముడుచుకొనుటయే మానెను.

యంత్రములను తిప్పి అంతకు మించిన వేగమును సాధించుట కష్టము. హెర్ట్జ్ అను జర్మను శాస్త్రవేత్త నిప్పురవ్వలతో విద్యుత్తరంగములను పుట్టించిన మార్గము అప్పటికి రెండు మూడేండ్ల క్రిందటనే వెల్లడియైయుండెను. దానిని గ్రహించి దార్సన్వాల్ సెకండునకు లక్షల కొలది ఊగెడి విద్యుత్తును పొందెను. మూడు ఆంపియర్ల వరకు తన దేహము గుండ పోనిచ్చెను. తానును మరియొకరును ఆ విద్యుత్తు మార్గములో నిలిచి, తమ నడుమ నుంచిన దీపము ప్రకాశించుట శాస్త్రజ్ఞులకు చూపెను. దీపము వెలిగినది, మనుష్యులకు కొంచెము వెచ్చదనము మాత్రమే తోచినది. అమెరికాలో టెస్లా మహాశయుడును ఆ కాలముననే, 1891లో, ఇట్టి విద్యుత్తు దేహమును వెచ్చబరచుననుట వేరుగా గమనించియుండెను. కాని నరముల మీదను కండరముల మీదను దాని ప్రభావమును మెట్టు మెట్టుగా కొలిచిన ఖ్యాతి దార్సన్వాలుది. ఇది నిపుణులు తగిన పరికరములతో చేసిన పని. విద్యార్థులు ఏ రూపమునను అనుకరింపరాదు.

ఇది ఎట్లు జరుగును? ఊయలను ఒకడు ముందుకు నెట్టిన మరుక్షణమే, అది కదలకమునుపే, వేరొకడు వెనుకకు నెట్టుచున్నాడనుకొనుడు. ఎంత బలముగా నెట్టినను ఊయల ఊగదు. నరములోని లవణ కణములు ఇట్టివే. అవి ఒక ప్రక్కకు తగినంత జరిగినప్పుడే నరము మేల్కొనును. జరుగుటకు వ్యవధి లేకయే దిక్కు మారిపోవుచుండుటచే నరము నిద్రించుచునే యుండును. అయినను నెట్టెడి శ్రమ యెక్కడికి పోవును? కణములు నిలిచిన చోటనే అటునిటు ఒరసికొనుటవలన వేడి పుట్టును. కుదుపు పోయి వేడి మిగులుటయే దార్సన్వాల్ కనుగొనిన సారము.

ఈ వేడితో, ఈ విద్యుత్తుతో రోగములను మాన్పవలెనని ఆయన కోరిక. మనిషిని పెద్ద తీగచుట్ట నడుమ నిలిపి విద్యుత్ప్రభావమును సోకించెడి పంజరములు వెలసెను. ఈ చికిత్సకు ఆయన పేరే పెట్టిరి. 1890 పిమ్మటి దశాబ్దములో ఐరోపాలో అది వెఱ్ఱిగా వ్యాపించెను. కీళ్లవాతము, మధుమేహము, స్థూలకాయము మొదలుగా అన్నిటికిని అదియే మందనిరి. ఆ గొప్పలలో అధికభాగము కాలపరీక్షకు నిలువలేదు. గురువు నేర్పిన కొలత పద్ధతిని కండరము మీద చూపినంత కఠినముగా శిష్యుడు రోగుల మీద చూపలేదని మా అభిప్రాయము. వైద్యమున ఆశ ఆధారమును మించిపోవుట ఆ ఒక్క కాలమునకే చెందిన జబ్బు కాదు.

ఫలము వేరొక దారిని వచ్చెను. పారిస్ లోనే రివియేర్ అను వైద్యుడు 1900 ప్రాంతమున ఈ విద్యుత్తు యొక్క రవ్వ చర్మము మీది పుండును మాన్పుట గమనించెను. పొజ్జీ అను శస్త్రవైద్యుడు రవ్వలతో కణుతులను కాల్చెను. దోయెన్ అను వేరొకరు రోగి దేహమునకు ఒక వెడల్పైన రేకును తాకించి, విద్యుత్తు తిరిగిపోవుటకు దారి కల్పించెను. ఈ రేకు చిన్న విషయముగా తోచును గాని, పనియంతయు దానిలోనే యున్నది. కాలువ ఇరుకైన చోట నీరు ఉరవడిగా పారి గట్టును కోయును. చెరువులో పడినంతనే నెమ్మదించును. అట్లే విద్యుత్తు కత్తికొన వద్ద సన్నని చోట కుదించుకొనిపోవుటచే అచ్చట మాంసము కాలును. తొడకు అంటించిన వెడల్పైన రేకు వద్ద చెదరిపోవుటచే రోగికి వెచ్చదనమైనను తెలియదు. ఒకే విద్యుత్తు, ఒకే దేహము; ప్రవేశించు చోట నిప్పు, వెలువడు చోట ఏమియు లేదు.

అమెరికాలో బోవీ అను శాస్త్రజ్ఞుడు దీనికొక మంచి యంత్రమును నిర్మించెను. బోస్టను నగరములో 1926 అక్టోబరు 1వ తేదీన కుషింగ్ అను ప్రఖ్యాత శస్త్రవైద్యుడు దానితో మెదడు ప్రాంతపు గడ్డను తొలగించెను. రక్తము వరదలగునను భయముచే అంతకుముందు విడిచివేసిన గడ్డలకు చేయి పెట్టుట అప్పుడు సాధ్యమయ్యెను. విద్యుత్తును ఎడతెగకుండ ప్రసరింపజేసినచో మాంసకణములలోని నీరు ఒక్కసారిగా ఆవిరియై కణములు పగిలి కోత పడును. విరామములిచ్చుచు ప్రసరింపజేసినచో కణములు మెల్లగా ఎండి రక్తనాళములు మూసికొనును. కోయుటయు, రక్తము నాపుటయు ఒకే యంత్రపు పనులయ్యెను.

అప్పటికి దార్సన్వాల్ 75 ఏండ్ల వృద్ధుడు. పారిస్ చెంత నొజాన్ సూర్ మార్న్ లో ఆయనకొక ప్రయోగశాల యుండెను. రెండవ ప్రపంచ యుద్ధములో జర్మనీ సేనలు ఫ్రాన్సును ఓడించిన ఏడాదియే, 1940 డిసెంబరు 31వ తేదీన, తాను పుట్టిన లా బోరీలోనే 89వ యేట ఆయన కన్నుమూసెను. లిమూజేన్ సీమలోని బ్రీవ్ పట్టణములో ఒక ఉన్నత పాఠశాల నేడు ఆయన పేరు ధరించియున్నది.

కాని ఆయన కనుగొనిన సంగతి మనుష్యుని ప్రేగులలోనికి చేరుటకు ఇంకను ముప్పదియేండ్లు పట్టెను. అడ్డంకి విద్యుత్తు కాదు, చూపు. జీర్ణాశయములోనికి తొంగిచూచుట 1868లోనే కుస్మౌల్ అను జర్మను వైద్యుడు ఆరంభించెను గాని, ఆయన గొట్టము వంగనిది. కత్తులు మ్రింగు గారడీవాని వంటివారికే అది సాధ్యము. 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ సన్నని గాజుపోగుల కట్టతో వంగెడి ఎండోస్కోపును తెచ్చెను. 1969లో న్యూయార్కులో షిన్యా, వుల్ఫ్ అను వైద్యులు పొడవైన ఎండోస్కోపు గుండ తీగ ఉచ్చును పంపి, పెద్దప్రేగులో కాడతో పుట్టగొడుగువలె వ్రేలాడు బుడిపెకు తగిలించి, బిగించి, విద్యుత్తును ప్రసరింపజేసిరి. కాడ తెగెను, రక్తమాగెను. అట్టి బుడిపెలలో కొన్ని ఏండ్లు గడచినపిమ్మట కాన్సరుగా మారవచ్చును గనుక, అది రోగము రాకముందే దానిని త్రుంచుటయయ్యెను.

కాడ లేక, నేలకు అంటుకొనిన నాచువలె పరచుకొనిన మచ్చల సంగతి వేరు. ఉచ్చు వానికి తగులుకొనదు. జపానులో జీర్ణాశయపు కాన్సరు అధికము. అచ్చటి వైద్యులు దానిని తొలిదశలోనే, లోపలి పొరలలోనే యున్నప్పుడు, పట్టుటకు ఏండ్ల తరబడి శ్రమించిరి. పట్టిన పిమ్మట అంత చిన్న మచ్చకై జీర్ణాశయమునే కోసివేయవలెనా యను చింత వారిని వేధించెను. 1990 పిమ్మటి ఏండ్లలో వారు చేసిన ఉపాయము వినదగినది. మొదట మచ్చ చుట్టును విద్యుత్తుతో చిన్న చుక్కలు పెట్టి హద్దు గుర్తింతురు. పిమ్మట సూదితో పొర క్రిందికి ద్రవమును ఎక్కింతురు. పూరీ పొంగినట్లు లోపొర పైకి లేచి, అడుగునున్న కండరపు గోడకు దూరమగును. అప్పుడు హద్దు వెంట కోసి, పొర క్రిందుగా కత్తిని పోనిచ్చి, చాపను నేలనుండి ఎత్తినట్లు ఆ ముక్కనంతయు ఒక్కటిగా ఒలుతురు.

ఆ గోడ మందము కొన్ని మిల్లీమీటర్లే. పెద్దప్రేగులో మరియు పలుచన. కత్తి వెంట్రుకవాసి లోతునకు పోయినను రంధ్రము పడును. అందుకే ఒక రకపు కత్తికొనకు చిన్న పింగాణి గుండును తొడిగిరి. పింగాణి విద్యుత్తును ప్రసరింపజేయదు గనుక కొన గోడను కాల్చదు; ప్రక్కనున్న తీగ మాత్రమే కోయును. ఆర్గాన్ వాయువు గుండ విద్యుత్తును పంపి, తాకకయే పైపైన రక్తమును ఆపెడి సాధనమును ఆ దశాబ్దముననే వాడుకలోనికి వచ్చెను. ఇట్టి చికిత్సలు నేడు మన దేశమున హైదరాబాదు, చెన్నై వంటి నగరములలోను జరుగుచున్నవి. అయితే కాన్సరు లోపొరను దాటి లోతునకు దిగినచో, లేక శోషరస గ్రంథులకు ప్రాకినచో, ఈ ఉపాయము చెల్లదు. అప్పుడు పెద్ద శస్త్రచికిత్సయే శరణ్యము. ఆహారము మ్రింగుటలో అడ్డు, నల్లని విరేచనము, కారణము లేక బరువు తగ్గుట మొదలగునవి కనబడినప్పుడు రేపుమాపని జరపరాదని మేము చెప్పుటకు ఇదియే హేతువు.

నేటి విద్యుత్ యంత్రములలో ఒక విశేషమున్నది. క్రొవ్వు, కండరము, రక్తము, ఎండిన పొర విద్యుత్తునకు వేరువేరుగా అడ్డుపడును. కత్తి ఒకదానినుండి వేరొకదానిలోనికి జారిన లిప్తలోనే ఆ మార్పును యంత్రము కొలిచి, తగినట్లు శక్తిని తగ్గించును, పెంచును. సెకండునకు లక్షల కొలది ఊగెడి విద్యుత్తు ఒక ప్రక్క, దానిని ఎడతెగక కొలిచెడి మీటరు ఒక ప్రక్క, ఒకే పెట్టెలో పని చేయుచున్నవి. ఆ మీటరు నేడు వ్రేలాడు తీగచుట్ట కాదు. అయినను దార్సన్వాల్ ప్రయోగశాలలో వేరువేరు బల్లల మీదనుండిన రెండు పనులును ఇందు కలిసినవి.

ఒలిచిన ముక్కను వైద్యులు పారవేయరు. దానిని పలక మీద పరచి అంచుల చుట్టును గుండుసూదులు గ్రుచ్చి, ముడుచుకొనకుండ నిలిపి, పరీక్షకు పంపుదురు. అంచులలో ఎక్కడను రోగపు జాడ లేదని సూక్ష్మదర్శిని చెప్పినప్పుడే పని ముగిసినట్లు. రోగి అప్పటికి, పెక్కుమార్లు, కొద్దిదినములలోనే కడుపు మీద ఒక్క గాటైన లేకుండ ఇల్లు చేరియుండును.